అక్షరాలు దొంగిలించిన కుర్రాడు - ఫ్రెడరిక్ డగ్లస్

మేరీలాండ్‌లో స్థిరపడ్డ మన తెలుగువాళ్ళలో ఓషన్ సిటీ చూడనివాళ్ళు ఉండరు. ఎండాకాలం వచ్చిందంటే పులిహోర, పెరుగన్నం డబ్బాల్లో సర్దుకుని, రూట్ 50 ఎక్కి, చెసపీక్ బే మీది ఆ పొడవాటి వంతెన దాటి, మధ్యాహ్నానికల్లా సముద్రం ఒడ్డున వాలిపోతాం. దారిలో ఈస్టన్ అనే ఊరు వస్తుంది. గ్యాస్ కోసమో, పిల్లల బాత్‌రూం కోసమో అక్కడ కారాపుతాం. ఐదు నిమిషాల్లో మళ్ళీ బయల్దేరతాం.

నేను అలా ఓ పదిహేనుసార్లు ఆగి ఉంటాను. ఆ ఊరున్న టాల్బట్ కౌంటీలోనే ఫ్రెడరిక్ డగ్లస్ పుట్టాడనీ, ఆ ఊరి జైల్లోనే పద్ధెనిమిదేళ్ళ వయసులో ఆయన్ని పెట్టారనీ తెలియడానికి మాత్రం నాకు ఈ దేశం వచ్చాక పదమూడేళ్ళు పట్టింది. తెలియజెప్పింది మా అమ్మాయి. 2007 ఫిబ్రవరిలో ఆరో తరగతి ప్రాజెక్టుకని డగ్లస్ జీవితం ఎంచుకుంది. అట్ట మీద బొమ్మలు అతికించే పని నాకు పడింది. అతికిస్తూ అతికిస్తూ చదివాను. చదివాక ఆగలేకపోయాను.

అప్పుడు మా అమ్మ మా దగ్గరే ఉంది. ఈ కథలో ఆవిడకీ చోటుంది. అది తర్వాత చెబుతాను.

డగ్లస్ అసలు పేరు ఫ్రెడరిక్ బెయిలీ. తల్లి హారియెట్ బెయిలీ బానిస. తండ్రి తెల్లవాడని అందరూ అనుకునేవారు, ఎవరో తేలలేదు. ఆ రోజుల్లో తల్లి బానిస అయితే బిడ్డా బానిసే. తల్లిని పన్నెండు మైళ్ళ దూరంలోని మరో పొలంలో పనికి పెట్టారు కనుక పిల్లవాణ్ణి అమ్మమ్మ బెట్సీ పెంచింది. పగలంతా చాకిరీ చేసిన తల్లి రాత్రిళ్ళు కాలినడకన వచ్చి, పిల్లవాణ్ణి పక్కలో వేసుకుని పడుకుని, తెల్లారేలోపు మళ్ళీ పొలం చేరుకోవాలి. అలా ఆయన తల్లిని చూసింది నాలుగైదుసార్లే. ఆయనకు ఏడేళ్ళప్పుడు ఆవిడ పోయింది. కడచూపుకి కూడా పంపలేదు.

పుట్టినరోజు ఎప్పుడో ఆయనకు తెలియదు. గొడ్ల లెక్కలాగే బానిసల లెక్క కూడా యజమాని పుస్తకంలో ఉండేది గానీ అది బానిసలకు చూపించేవారు కాదు. జీవితమంతా తన వయసెంతో తెలుసుకోవాలని తిరిగాడాయన. తల్లి ముద్దుగా వాలెంటైన్ అని పిలిచిన జ్ఞాపకంతో ఫిబ్రవరి 14ని తనే పుట్టినరోజుగా పెట్టుకున్నాడు. ఆయన పోయాక ఎంతో కాలానికి చరిత్రకారులు చూసిన యజమాని లెక్కల పుస్తకంలో 1818 ఫిబ్రవరి అని ఉంది.

ఎనిమిదేళ్ళ వయసులో, 1826లో, ఆయన్ని బాల్టిమోరు పంపించారు. హ్యూ ఆల్డ్, సోఫియా ఆల్డ్ దంపతుల చిన్న కొడుకుని చూసుకోవడం పని. సోఫియా అంతకుముందు బానిసల్ని ఏలిన మనిషి కాదు. ఆవిడ బైబిలు చదువుతుంటే విని, తనకూ నేర్పమని కుర్రాడు అడిగాడు. ఆవిడ సంతోషంగా ఏబీసీడీలు మొదలుపెట్టింది. చిన్న చిన్న మాటలు కూడబలుక్కునే దశకు వచ్చేసరికి భర్త చూసి మండిపడ్డాడు. బానిసకు చదువు వస్తే ఇక బానిసగా ఉండడని, వాడు చెడిపోతాడని భార్యకు చెప్పి చదువు ఆపించాడు.

ఆ మాటలు కుర్రాడి ఎదుటే అన్నాడు. అదే ఆయన చేసిన పొరపాటు. తెల్లవాడి బలం ఎక్కడుందో, తను బయటపడే దారి ఎక్కడుందో ఆ క్షణంలో ఆ పిల్లవాడికి అర్థమైపోయింది. యజమాని దేనికి భయపడుతున్నాడో అదే తనకు కావాలని నిశ్చయించుకున్నాడు.

అక్కణ్ణుంచి ఆయన అక్షరాలు దొంగిలించాడనే చెప్పాలి. పనిమీద బయటికి పంపినప్పుడు జేబులో రొట్టెముక్కలు వేసుకెళ్ళేవాడు. వీధిలో ఆకలిగా తిరిగే బీద తెల్లపిల్లలకు రొట్టె ఇచ్చి పాఠం చెప్పించుకునేవాడు. ఓడలు కట్టే చోట వడ్రంగులు దుంగల మీద ఏ చెక్క ఎటువైపుకో గుర్తుగా ఒక్కో అక్షరం రాసేవారు. ఎడమవైపుకి ఎల్, కుడివైపుకి ఎస్. అలా నాలుగు అక్షరాలు రాయడం వచ్చింది. మిగతావి వీధి పిల్లలతో పందెం కట్టి నేర్చుకున్నాడు. కంచెలు, గోడలు, రోడ్డు రాళ్ళు ఆయన పలక. సుద్దముక్క బలపం. యజమాని కొడుకు రాసి పారేసిన కాపీ పుస్తకాల్లో వరసల మధ్య ఖాళీల్లో దిద్దుకునేవాడు. పన్నెండేళ్ళ వయసులో బూట్లు తుడిచి సంపాదించిన యాభై సెంట్లు పెట్టి కొలంబియన్ ఒరేటర్ అనే ఉపన్యాసాల సంకలనం కొన్నాడు. ఆ పుస్తకమే ఆయనకు కాలేజీ.

తర్వాత ఆయన్ని మళ్ళీ ఈస్టర్న్ షోర్ పొలాలకు పంపారు. పొగరుబోతు బానిసల్ని అణచడంలో పేరుమోసిన ఎడ్వర్డ్ కోవీ అనే రైతు దగ్గర 1834లో ఏడాదికి కౌలుకిచ్చినట్టు ఇచ్చారు. ఆరునెలలు వారం వారం కొరడా దెబ్బలు. పుస్తకం మాట దేవుడెరుగు, ఆలోచించే శక్తే పోయిందట. ఆగస్టులో ఒకరోజు కోవీ మీద పడి కట్టబోతే ఎదురు తిరిగాడు. దాదాపు రెండు గంటలు పెనుగులాట. ఆయన వయసు పదహారు. ఆ తర్వాత కోవీ ఆయన మీద చెయ్యి వెయ్యలేదు. ఆ మరుసటి ఏడాది మరో పొలంలో ఉండగా ఆదివారాలు రహస్యంగా బడి పెట్టి నలభైమందికి పైగా బానిసలకు చదువు చెప్పాడు. తనకు వచ్చిన అక్షరం తన దగ్గరే ఉంచుకోలేదు. 1836లో స్నేహితులతో కలిసి పారిపోవాలని పథకం వేస్తే బయటపడింది. నేను గ్యాస్ కోసం ఆగే ఈస్టన్ జైలు అప్పుడే.

మళ్ళీ బాల్టిమోరు. అక్కడ ఓడల చెక్కల మధ్య సందులు పూడ్చే పని నేర్చుకున్నాడు. వారం కూలి మొత్తం తెచ్చి హ్యూ ఆల్డ్ చేతిలో పెట్టాలి. ఆ రోజుల్లోనే ఆనా మరే పరిచయమైంది. ఆవిడ స్వేచ్ఛగా పుట్టిన నల్లజాతి మహిళ, ఇళ్ళల్లో పనిచేసి బతుకుతోంది. ఆయన పారిపోవడానికి డబ్బు సమకూర్చింది ఆవిడే. ఈకల పరుపు కూడా అమ్మేసింది. 1838 సెప్టెంబరు 3న నావికుడి వేషం వేసుకుని, ఒక స్వేచ్ఛా నావికుడి కాగితం జేబులో పెట్టుకుని రైలెక్కాడు. ఆ కాగితంలోని పోలికలకూ ఆయనకూ సంబంధం లేదు. కండక్టరు పైపైన చూసి వెళ్ళిపోయాడు. రైళ్ళు, పడవలు మారుతూ ఒక్క రోజు తిరక్కుండానే న్యూయార్క్ చేరాడు. ఆనా వెనకాలే వచ్చింది. సెప్టెంబరు 15న పెళ్ళి. అక్కణ్ణుంచి మసాచుసెట్స్‌లోని న్యూ బెడ్‌ఫర్డ్ వెళ్ళి, పట్టుకునేవాళ్ళకు దొరక్కుండా ఇంటిపేరు డగ్లస్ అని మార్చుకున్నాడు. వాల్టర్ స్కాట్ కావ్యంలోని ఆ పేరు సూచించింది ఆశ్రయమిచ్చిన మిత్రుడు.

1841 ఆగస్టులో నాన్‌టకెట్ దీవిలో బానిసత్వ వ్యతిరేకుల సభలో ఆయన్ని మాట్లాడమన్నారు. వణుకుతూనే లేచాడు. ఆ రోజు నుంచి ఆయన వృత్తి ఉపన్యాసమే అయింది. ఎంత బాగా మాట్లాడేవాడంటే, ఇతను అసలు బానిసగా ఉన్నవాడేనా అని జనం అనుమానించారు. ఆ అనుమానం తీర్చడానికి 1845లో తన జీవితకథ రాసి ప్రచురించాడు. ఊళ్ళ పేర్లు, యజమానుల పేర్లు అన్నీ బయటపెట్టాడు. అలా రాయడం వల్ల తను ఎక్కడున్నాడో యజమానికి చెప్పినట్టయింది. పుస్తకం వేలకొద్దీ అమ్ముడుపోయింది, రచయితేమో పట్టుబడే ప్రమాదంలో పడ్డాడు. ఐర్లండ్, ఇంగ్లండ్‌లకు వెళ్ళి రెండేళ్ళు ఉపన్యాసాలిచ్చాడు. అక్కడి మిత్రులు చందాలు వేసుకుని 150 పౌన్లు, అంటే 711 డాలర్ల చిల్లర, ఆల్డ్‌లకు చెల్లించి 1846 డిసెంబరులో ఆయనకు విముక్తి పత్రం కొన్నారు. మనిషిని కొనడం తప్పని కొందరు సహచరులు విమర్శించారు. విమర్శించినవాళ్ళ మెడ మీద కత్తి లేదు కదా!

1847లో రోచెస్టర్‌లో నార్త్ స్టార్ అనే సొంత పత్రిక పెట్టాడు. పారిపోయి కెనడా వెళ్ళే బానిసలకు ఆయన ఇల్లు మజిలీ. మరుసటి ఏడు కూతురు రొజెట్టాని ఒక ప్రైవేటు బడిలో చేరిస్తే, తెల్లపిల్లలతో కలవకుండా వేరే గదిలో కూర్చోబెట్టారు. డగ్లస్ ఊరుకోలేదు. పత్రికలో ఎండగట్టాడు, ఏళ్ళ తరబడి పోరాడాడు. 1857 నాటికి ఆ ఊరి బడుల్లో పిల్లల్ని విడదీయడం ఆగిపోయింది. 1848లోనే సెనెకా ఫాల్స్‌లో జరిగిన స్త్రీల హక్కుల మహాసభలో, ఆడవాళ్ళకు ఓటు హక్కు అడగడానికి చాలామంది వెనకాడితే, లేచి బలపరిచినవాడు డగ్లస్.

ఈ దేశపు రాజ్యాంగం బానిసత్వానికి కొమ్ముకాసేదే కనుక దాన్ని తగలబెట్టాలని ఆయన గురువు గారిసన్ వాదన. డగ్లస్ కొన్నేళ్ళు అదే నమ్మాడు. తర్వాత రాజ్యాంగాన్ని తనే కూర్చుని అక్షరం అక్షరం చదివి, 1851లో గురువుతో విభేదించాడు. అందులో బానిస అన్న మాట లేదు, స్వేచ్ఛ అన్న మాట ఉంది, ఆ ఉన్నమాటనే పట్టుకుని పోరాడాలన్నాడు. గోడ మీద అక్షరాలు దిద్దుకున్న కుర్రాడు దేశపు మూలగ్రంథాన్ని చదివి అర్థం చెప్పే స్థాయికి వచ్చాడు. చదువు వస్తే బానిసగా ఉండడన్న హ్యూ ఆల్డ్ జోస్యం పూర్తిగా ఫలించింది.

అంతర్యుద్ధం మొదలయ్యాక నల్లవారిని సైన్యంలో చేర్చుకోవాలని పోరాడి, చేర్చుకున్నాక ఊరూరా తిరిగి సైనికుల్ని సమీకరించాడు. ముందుగా తన కొడుకులు లూయిస్‌నీ, చార్లెస్‌నీ 54వ మసాచుసెట్స్ దళంలో చేర్చాడు. తెల్ల సైనికుడికి నెలకు 13 డాలర్లయితే నల్ల సైనికుడికి 10, అందులోనూ బట్టలకని 3 కోత. ఈ అన్యాయం చెప్పడానికి 1863 ఆగస్టులో నేరుగా వైట్‌హౌస్ వెళ్ళి లింకన్‌ని కలిశాడు. 1865 మార్చిలో లింకన్ రెండో ప్రమాణస్వీకారం నాటి విందుకు వెళితే పోలీసులు గుమ్మంలో ఆపారు. లోపలికి కబురు పంపించి వెళ్ళాడు. తన ప్రసంగం ఎలా ఉందని అంతమందిలో లింకన్ అడిగింది ఆయన్నే.

గొప్పవాళ్ళ కథల్లో తప్పులు దాచడం మనకు అలవాటు. దాచను. 1869లో నల్లవారి ఓటా, స్త్రీల ఓటా అన్న తగువు వచ్చినప్పుడు, ముందు నల్లజాతి పురుషులకు రానివ్వండని డగ్లస్ అన్నాడు. పాత మిత్రురాళ్ళు సుసాన్ ఆంథొనీ, ఎలిజబెత్ స్టాంటన్ దూరమయ్యారు. 1874లో, విముక్తులైన బానిసల పొదుపు కోసం పెట్టిన ఫ్రీడ్‌మన్స్ బ్యాంకుకు అధ్యక్షుడయ్యాడు. అప్పటికే అది లోపల గుల్లయిపోయింది. తన సొంత డబ్బు 10,000 డాలర్లు పెట్టినా నిలబడలేదు. కొన్ని నెలల్లోనే మూతపడింది. అరవైవేల పైచిలుకు పేదలు ఆ బ్యాంకును నమ్ముకున్నారు. ఆ మచ్చ ఆయన్ని చివరిదాకా బాధించింది.

1877లో రాజధాని వాషింగ్టన్‌లోని అనకోస్టియాలో కొండమీది సీడర్ హిల్ ఇల్లు 6,700 డాలర్లకు కొన్నాడు. కింది పేటలో నల్లవారికి స్థలాలు అమ్మకూడదని నిబంధన పెట్టిన వ్యాపారుల్లో ఒకడు కట్టుకున్న ఇల్లది! అదే ఏడాది, మరణశయ్య మీదున్న పాత యజమాని థామస్ ఆల్డ్‌ని చూడడానికి వెళ్ళాడు. ఇద్దరూ కన్నీళ్ళు పెట్టుకున్నారు. అప్పుడు కూడా డగ్లస్ అడిగిన ప్రశ్న, తను ఎప్పుడు పుట్టాడని.

2007 ఏప్రిల్‌లో మా అమ్మాయినీ, మా అమ్మనీ తీసుకుని ఆ సీడర్ హిల్‌కి వెళ్ళాను. మా అమ్మది దివిసీమలో ఒక పల్లెటూరు. తమ్ముళ్ళని ఎత్తుకోవాలని ఒకటో తరగతిలోనే బడి మాన్పించారు. వచ్చిన నాలుగు అక్షరాలూ పోయాయి. వడ్డీలెక్కలు, చీటీపాట లెక్కలు నోటితోనే చెప్పేది గానీ సంతకం రాదు. ఎక్కడికెళ్ళినా వేలిముద్ర. బొటనవేలికి అంటిన ఇంకు చీరకొంగుకి తుడుచుకుంటూ తలవంచుకుని వచ్చేది. డల్లెస్ ఎయిర్‌పోర్టులో ఆఫీసరు ఆవిడ చూపుడు వేళ్ళు రెండూ మెషీన్ మీద పెట్టించుకున్నాడట. ముందు నిలబడ్డ కోటువాళ్ళ చేత కూడా అలాగే పెట్టించాడని, ఈ దేశంలో అందరూ నిశానీలేనా అని ఇంటికొచ్చి తెగ నవ్వింది.

సీడర్ హిల్‌లో గైడు చెప్పేది మా అమ్మాయి తన వచ్చీరాని తెలుగులో నాయనమ్మకి చెబుతోంది. పుస్తకాల బీరువాలు, బల్ల, వయొలిన్, లింకన్ భార్య పంపిన లింకన్ చేతికర్ర అన్నీ చూశాం. వసారాలోంచి దూరంగా కాపిటల్ గోపురం కనిపించింది. అన్నీ విన్నాక అమ్మ ఒక్క సంగతి అడిగింది. ఇంతమందికి చదువు చెప్పిన మహానుభావుడు కదా, మరి ఆయన భార్యకి చదువు వచ్చా అని.

రాలేదు. ఆనా డగ్లస్‌కి చివరిదాకా చదవడం సరిగా రాలేదు. ఆయన ఊరూరా తిరుగుతుంటే లిన్ అనే ఊళ్ళో చెప్పులు కుట్టి సంసారం ఈదింది. ఇంగ్లండ్ నుంచి ఆయన తిరిగి వచ్చేసరికి పైసా అప్పు లేదు. ఐదుగురు పిల్లల్ని కని పెంచింది, పదేళ్ళ చిన్న కూతురు పోయినప్పుడు ఆయన సముద్రానికి అవతల ఉన్నాడు. అర్ధరాత్రి తలుపు తట్టిన పారిపోయిన బానిసలకు అన్నం పెట్టింది. 1882లో ఈ ఇంట్లోనే పోయింది. ఆయన మూడు ఆత్మకథలు రాశాడు. వాటిలో ఆవిడ గురించి ఉన్నవి కాసిని వాక్యాలే. ఆవిడ గురించి రాసింది పెద్ద కూతురు రొజెట్టా. తర్వాత 1884లో ఆయన హెలెన్ పిట్స్ అనే చదువుకున్న తెల్ల మహిళను పెళ్ళాడితే రెండువైపులవాళ్ళూ కోప్పడ్డారు. అయితే ఈ ఇంటిని అమ్ముకోకుండా దేశానికి మిగిల్చింది ఆ హెలెనే.

ఇదంతా అమ్మకి చెప్పాను. ఆవిడ ఏమీ అనలేదు. మోకాళ్ళు పట్టుకుని నెమ్మదిగా మెట్లు దిగింది. నాకే గొంతులో ఏదో అడ్డంపడింది. డగ్లస్‌ని తప్పుపట్టడానికి నేనెవర్ని? యూనివర్సిటీలో చదివాను, రెండు డిగ్రీలు తెచ్చుకున్నాను, ఇక్కడ మన తెలుగు బడిలో ఆదివారాలు పిల్లలకు గుణింతాలు చెప్పాను. ఆ చదువంతా మా అమ్మ గేదెపాల డబ్బుతో వచ్చింది. ఆవిడకి ఒక్క అ, ఆ దిద్దించాలని నలభై రెండేళ్ళలో నాకు ఒక్కసారీ తోచలేదు.

ఆ సాయంత్రమే మొదలుపెట్టాం. నేను కాదు, మా అమ్మాయే. దానికి వచ్చిందీ రెండో తరగతి తెలుగే, ఆవిడకి సరిపోయింది. వీసా గడువు ముగిసేలోగా అమ్మ నేర్చుకున్నది తన పేరు రాయడం మాత్రమే. చదవడం రాలేదు. కళ్ళు ఆనడం లేదని మానేసింది. ఇండియా వెళ్ళాక బ్యాంకులో సంతకం పెడతానంటే, ఈ వయసులో ఎందుకు, పాత పద్ధతే ఉండనివ్వమన్నారట. పట్టుబట్టి పెట్టిందని మా తమ్ముడు ఫోన్‌లో చెప్పాడు. 2014లో అమ్మ పోయింది. ఆవిడ దిద్దిన నోట్‌బుక్ నా దగ్గరే ఉంది.

డగ్లస్ చివరి రోజు సంగతి కూడా చెప్పాలి. హైతీలో అమెరికా రాయబారిగా పనిచేసి వచ్చాక కూడా ఆయన సభలు మానలేదు. 1895 ఫిబ్రవరి 20న పగలంతా స్త్రీల సభలో కూర్చుని, సాయంత్రం ఇంటికి వచ్చి, ఆ సంగతులు హెలెన్‌కి చెబుతూనే గుండె ఆగి కూలిపోయాడు. స్త్రీల ఓటు విషయంలో 1869లో వెనక్కి తగ్గినవాడు ఆ పనిని చివరిరోజు దాకా వదల్లేదన్నమాట.

ఆయనకీ మనకీ ఏమిటి సంబంధం అని ఎవరైనా అడిగితే నేను మూడు సంగతులు చెబుతాను. బానిసత్వాన్ని ఎదిరించిన అమెరికన్లకు మహారాష్ట్రలో జ్యోతిరావు ఫూలే 1873లో తన గులాంగిరీ పుస్తకాన్ని అంకితమిచ్చాడు. ఆ పోరాటం వార్త అప్పటికే మన దేశం చేరింది. రెండోది, 1868లో వచ్చిన 14వ సవరణ. మా అమ్మాయి 1995లో ఇక్కడ పుట్టగానే పౌరురాలైందంటే ఆ సవరణ వల్లే. మూడోది చాలామందికి తెలియనిది. 1869లో చైనావాళ్ళని రానివ్వకూడదని ఈ దేశంలో గోల మొదలైనప్పుడు, డగ్లస్ బోస్టన్‌లో నిలబడి, వలస రావడం మనిషి హక్కని, ఆసియావాళ్ళు రావాలి, ఉండాలి, ఓటెయ్యాలి, పదవులూ చేపట్టాలి అని వాదించాడు. ఎవరూ వినలేదు, 1882లో చైనావారిని నిషేధిస్తూ చట్టం వచ్చింది. భారతీయులు పౌరసత్వం తీసుకోవడానికి 1946 దాకా, మనవాళ్ళకు తలుపులు బాగా తెరుచుకోవడానికి 1965 దాకా ఆగాల్సి వచ్చింది. మనమెవరమో తెలియకుండానే మన తరఫున మాట్లాడిన మనిషి ఆయన.

2011లో ఈస్టన్ కోర్టు ముందు డగ్లస్ విగ్రహం పెట్టారు. ఈసారి ఓషన్ సిటీ వెళ్ళేటప్పుడు గ్యాస్ కొట్టించుకున్నాక ఓ పది నిమిషాలు అటు తిరగండి. పిల్లల్ని దింపి చూపించండి. అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చి ఉంటే వాళ్ళనీ దింపండి. వాళ్ళలో ఎవరికైనా సంతకం రాకపోతే, సముద్రం ఒడ్డున ఇసకకి కొదవలేదు, దిద్దించడానికి.